మెచ్చుకోలు, అనుబంధాలు, సాంకేతికత: ఇంగ్లిషు నుడికారాలను ఎలా నేర్చుకోవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదివి ఉద్యోగానికో పైచదువుకో బయలుదేరే పిల్లలకు ఇంగ్లిషు వ్యాకరణం చాలావరకు వచ్చే ఉంటుంది. ఒకరిని మెచ్చుకోవలసి వచ్చినప్పుడు, స్నేహం గురించో మనస్పర్థ గురించో చెప్పవలసి వచ్చినప్పుడు, మొరాయించిన కంప్యూటర్ సంగతి వివరించవలసి వచ్చినప్పుడు మాత్రం నోట మాట రాదు. ఇలాంటి చోట్ల పనికొచ్చే నుడికారాలను ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో ఆ వివరంతో సహా నేర్చుకోవాలి.

ఇందుకు ఆదర్శం మన ప్రాంతంలోనే ఉంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, గిరిజనుల భాషైన సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని, అతని నోట విని సవర భాష నేర్చుకున్నారు. 1938లో వెలువడిన ఆయన సవర–ఇంగ్లిషు నిఘంటువుకు అలా విని రాసుకున్న మాటలే పునాది.

ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో నుడికారాన్ని పూర్తి వాక్యంలో రాయాలి. రెండో దాంట్లో దాన్ని ఎవరు ఎవరితో అంటారో, మూడో దాంట్లో అదే సందర్భంలో మన ఇళ్లలో వినిపించే తెలుగు మాటను రాయాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి సంస్థల లెర్నర్స్ నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఉచ్చారణ కూడా వినిపిస్తాయి. వాటిలో ‘ఇన్ఫార్మల్’ అన్న గుర్తు ఉన్న మాటను దరఖాస్తులో వాడకపోవడం మేలు.

తర్వాత మెచ్చుకోలు మాటలతో ఆరంభించండి. ఇవి సులువు, ఎందుకంటే రెండు భాషల ఊహ చాలాచోట్ల కలుస్తుంది. ‘ప్రెయిజ్ సమ్‌వన్ టు ద స్కైస్’ అంటే మనం ఆకాశానికెత్తేయడం అనేదే. ‘ఎ ప్యాట్ ఆన్ ద బ్యాక్’ అంటే భుజం తట్టడమే, కాకపోతే వాళ్లు వీపు తడతారు. ‘బటర్ సమ్‌వన్ అప్’ అన్నది మాత్రం పని జరిపించుకోవడానికి కాకా పట్టడం. దాన్ని మెచ్చుకోలు కింద రాసుకోకండి. ‘కీప్ ఇట్ అప్’ సాధారణంగా పెద్దవారు చిన్నవారితో అనే మాట కనుక, పాఠం బాగుందని అధ్యాపకునితో చెప్పదలచిన విద్యార్థి ‘ఐ లర్న్‌డ్ ఎ లాట్ ఫ్రమ్ యువర్ క్లాస్’ అనడం మర్యాద. ఎవరైనా మెచ్చుకుంటే ‘అబ్బే, నాదేముంది’ అని తగ్గడం మన సంస్కారం. ఇంగ్లిషులో ‘థాంక్యూ, దట్ మీన్స్ ఎ లాట్’ అని స్వీకరిస్తే చాలు.

అనుబంధాల మాటల దగ్గర నిదానించాలి. ‘గెట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్’ అన్న నుడికారం వినగానే మనకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే వైరం గుర్తుకొస్తుంది. అసలు అర్థం దానికి పూర్తిగా విరుద్ధం: మంట ఎంత త్వరగా అంటుకుంటుందో అంత త్వరగా ఇద్దరికీ స్నేహం కుదిరిందని. ‘మై మదర్ అండ్ మై వైఫ్ గెట్ ఆన్ లైక్ ఎ హౌస్ ఆన్ ఫైర్’ అని ఎవరైనా అంటే ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఎంతో సఖ్యంగా ఉన్నారన్నమాట. ఇలా ఎదురు తిరిగే వాటికి ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ‘ఫాల్ అవుట్’ అంటే తగువుపడి దూరం కావడం, ‘మేక్ అప్’ అంటే మళ్లీ కలిసిపోవడం. ‘సీ ఐ టు ఐ’ అంటే అభిప్రాయం కలవడం. ఇది ఎక్కువగా ‘దే డోంట్ సీ ఐ టు ఐ’ అని వ్యతిరేకార్థంలోనే వినిపిస్తుంది. సంక్రాంతికి ఊరు చేరిన బావా బావమరుదులు పొలం విషయంలో మాటామాటా అనుకుని, కనుమనాటికి ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నారని ఊహించి, ఈ మూడింటితో నాలుగు వాక్యాలు రాయండి. మేనమామ పిల్లలైన బావ, వదిన, అలాగే పెదనాన్నగారి అబ్బాయి అందరూ ఇంగ్లిషులో ‘కజిన్’ అవుతారు కాబట్టి, వరుస తెలియాలంటే ‘మై మదర్స్ బ్రదర్స్ సన్’ అని విడమరచి చెప్పాలి.

సాంకేతిక పదాలు చాలావరకు మన నోట నానినవే. వాడుకను మాత్రం కాస్త సవరించుకోవాలి. ఫోన్ హ్యాంగ్ అయిందన్న దానికి ‘మై ఫోన్ హ్యాజ్ ఫ్రోజెన్’, కరెంటు పోయిందన్న దానికి ‘ద పవర్ ఈజ్ అవుట్’ అనాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పటి పరిస్థితిని ఈ మాటలతో ఒక పేరాగా రాస్తే అవి మనసులో నిలుస్తాయి. యంత్రాల నుంచి మనుషుల మీదికి వచ్చిన నుడికారాలూ ఉన్నాయి: ఆలోచనలు కలిసిన ఇద్దరిని ‘ఆన్ ద సేమ్ వేవ్‌లెంగ్త్’ అనడం రేడియో నుంచి, లోపలి ఆవేశాన్ని వెళ్లగక్కడాన్ని ‘లెట్ ఆఫ్ స్టీమ్’ అనడం ఆవిరి యంత్రం నుంచి వచ్చాయి.

వారానికి ఐదారు నుడికారాలకు మించి ఎక్కించుకోవద్దు. రాసిన సాయంత్రమే ఒకసారి, రెండు రోజులకు మరోసారి, వారానికి ఇంకోసారి మొదటి భాగాన్ని అరచేత్తో మూసి, తెలుగు మాట చూసి ఇంగ్లిషు వాక్యాన్ని పైకి చెప్పండి. ఆమదాలవలస నుంచి విజయనగరం దాకా రైల్లో రోజూ తిరిగేవారికి తోటి విద్యార్థితో మాట్లాడుతూ సాధన చేయడానికి ఆ సమయం చక్కగా సరిపోతుంది. సంభాషణలో నిజంగా వాడిన నుడికారం పక్కన తేదీ వేయండి. నెల గడిచినా తేదీ పడని దాన్ని కొత్త పేజీలో, మరో సొంత వాక్యంతో తిరిగి రాయండి.