జైలులోని తల్లులపై పరిశోధన: జిల్లా విద్యార్థి పని ఎక్కడ మొదలుపెట్టాలి

నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయంలోనో పీజీ చదువుతూ, జైలులో ఉన్న తల్లుల గురించి ప్రాజెక్టు చేయాలనుకునే విద్యార్థులు సాధారణంగా ముందుగా జైలు అనుమతి కోసం దరఖాస్తు రాస్తారు. ఆ దరఖాస్తు పెట్టవలసిందే గాని, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అనుమతి హైదరాబాద్‌లోని జైళ్ల శాఖ ప్రధాన కార్యాలయం నుంచి రావాలి. వచ్చిన తర్వాత కూడా, పక్కన వార్డర్ నిలబడి ఉండగా ఒక ఖైదీ చెప్పగలిగేది కొంతే. పని మొదలుపెట్టడానికి సరైన చోటు ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ.

అక్కడికి వెళ్లే ముందు చదవవలసినవి ఎక్కువేమీ లేవు. మొదటిది ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చిన తీర్పు. ఆరేళ్లు నిండేవరకు బిడ్డ తల్లి దగ్గరే ఉండవచ్చని, మూడేళ్లలోపు పిల్లలకు క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం), ఆపై వయసు వారికి నర్సరీ ఉండాలని, వీలైనంతవరకు కాన్పు జైలు బయటి ఆసుపత్రిలో జరగాలని, ఒకవేళ జైలులోనే జరిగితే జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదని ఆ తీర్పు చెప్పింది. ఈ చివరి అంశాన్ని చిన్నదిగా తీసిపారేయవద్దు. ఆ కాగితం బడిలో చేర్చేటప్పుడు అందరి చేతుల్లోనూ పడుతుంది. తీర్పులోని ఒక్కొక్క ఆదేశాన్ని ఒక్కొక్క ప్రశ్నగా మార్చుకుంటే ప్రశ్నావళిలో సగం తయారైనట్టే.

రెండవది జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే జైలు గణాంకాల నివేదిక. 2022 చివరినాటికి దేశవ్యాప్తంగా 1,537 మంది మహిళా ఖైదీలు 1,764 మంది పిల్లలతో జైళ్లలో ఉన్నారని, ఆ తల్లుల్లో అత్యధికులు విచారణ ఖైదీలని అందులో ఉంది. అయితే ఈ లెక్కలోకి వచ్చేది తల్లితోపాటు లోపల ఉన్న పిల్లలు మాత్రమే. బయట అవ్వ దగ్గరో, మేనమామ దగ్గరో పెరుగుతున్నవారు ఇందులో కనిపించరు. జిల్లా విద్యార్థి కొత్తగా చెప్పగలిగినది ఏమైనా ఉంటే అది ఈ ఖాళీలోనే ఉంది.

మహిళలకూ, కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఇస్తున్నది. న్యాయసేవాధికార సంస్థ నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పారాలీగల్ వాలంటీరుగా, అంటే న్యాయసహాయ పనుల్లో తోడ్పడే కార్యకర్తగా చేరండి. అర్జీ రాయడం, వాయిదా తేదీ కనుక్కొని ఇంటివాళ్లకు ఫోన్ చేయడం, ములాఖత్‌కు ఏ గుర్తింపు కార్డు కావాలో చెప్పడం వంటి పనులు చేసి కొంత ఉపయోగపడిన తర్వాతే ప్రశ్నలు అడగడం న్యాయం. పరిశోధనకూ అదే మేలు. మహిళా ఖైదీల బాధలు అని పెద్ద శీర్షిక పెట్టుకుని వచ్చిన విద్యార్థి, కోర్టు వరండాలో కొన్నాళ్లు గడిపేసరికి, బెయిల్ మంజూరైన తల్లి ఇంకా లోపలే ఎందుకు ఉంది అని అడగడం మొదలుపెడుతుంది. ఎదుగుదల అంటే నా దృష్టిలో ప్రశ్న ఇలా ఇరుకై, పదునెక్కడమే.

ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు జమానతు, అంటే పూచీకత్తు దగ్గర దొరుకుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలంటే, అయినవాళ్లంతా ముంబయి, పుణె వైపు వలసపోయిన పాలమూరు కుటుంబం ఎవరిని తెస్తుంది? భూమి కాగితాలున్న మనిషి ఊళ్లో ఉన్నా, కేసులో ఇరుక్కున్న ఆడమనిషి కోసం సంతకం చేయడానికి వెనుకాడతాడు. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. పేద ఖైదీల సహాయ పథకం కింద, 2023 నాటి మార్గదర్శకాల ప్రకారం, విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేని శిక్షపడ్డ ఖైదీకి 25,000 రూపాయల వరకు సాయం అందే వీలుండేది. గతంలో ఏ నేరంలోనూ శిక్షపడని విచారణ ఖైదీలు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద బెయిల్ అడగవచ్చు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ఎదుట ఉన్న తల్లికి వీటిలో ఏది అందింది, ఏది ఏ బల్ల దగ్గర ఆగింది అన్నది తేదీలతో రాసుకోండి.

ఆ తల్లి ఇంటికి వెళ్లినప్పుడు నేరం గురించి అడగవద్దు. “అవ్వా, పిల్లల ఆధార్ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి? రేషన్ బియ్యం వీళ్ల పేరున వస్తున్నాయా? బడిలో సంతకం ఎవరు పెడుతున్నారు?” అని అడిగితే, తల్లి లేని ఇల్లు ఎలా నడుస్తున్నదో దానంతటదే బయటపడుతుంది. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ మాట్లాడగల స్త్రీని వెంట తీసుకువెళ్లాలి. అయితే ఆమె అదే తండా మనిషి కాకూడదు. పిల్లల ఆలనాపాలనా చూసేవారు లేరని తెలిస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గాని, 1098కు గాని చెప్పండి.

జైళ్ల శాఖకు పెట్టే సమాచార హక్కు దరఖాస్తులో పేర్లు అడగకుండా సంఖ్యలే అడగండి: గత అయిదేళ్లలో ఏటా ఎంతమంది తల్లులు, ఎంతమంది పిల్లలు, క్రెష్ ఉందా, లేదా. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

జైలు అనుమతి వచ్చేనాటికి విశ్వవిద్యాలయ నైతిక కమిటీ ఆమోదం కూడా చేతిలో ఉండాలి. ఇష్టం లేకపోతే మాట్లాడనక్కర్లేదని, మాట్లాడినందువల్ల కేసులో లాభమూ నష్టమూ ఉండవని జైలులోని తల్లికి ముందే చెప్పాలి. “విడిపిస్తారా బిడ్డా?” అని అడుగుతారు. జాలిపడి అవునని తలూపవద్దు, ఆమె వకీలు ఎవరో కనుక్కొని చెప్పండి.

రాసేటప్పుడు పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. మండలం, కేసు రకం, పిల్లల సంఖ్య మూడూ ఒకేచోట ఉంటే చిన్న జిల్లాలో మనిషిని ఇట్టే గుర్తుపడతారు కాబట్టి వాటిలో రెండయినా తీసేయాలి. ముద్రించే ముందు ఆమెకు సంబంధించిన భాగాన్ని ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, వద్దన్న వాక్యాన్ని కొట్టేయాలి. నివేదిక ప్రతి ఒకటి విభాగాధిపతికి ఇచ్చినట్టే, ఆగిపోయిన బెయిళ్ల వివరాలను విడిగా తీసి, వాటిని న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ రూపంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి.