రెండు ఫ్రెంచ్ యుద్ధాలను పోల్చి రాయడం ఎలా

"సప్తవర్ష సంగ్రామం, ఫ్రాంకో-ప్రష్యన్ యుద్ధం: కారణాలు, ఫలితాలు పోల్చండి" అని ప్రశ్న వస్తే చాలామంది పేజీ మధ్యలో గీత కొట్టి ఎడమ పక్క 1756–63 కథ, కుడి పక్క 1870–71 కథ రాసేసి వస్తారు. అది పోలిక కాదు, రెండు కథలు అంతే. నేనూ చాలాకాలం అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

ముందు కారణాలు. నోట్సులో ఉన్న ప్రతి కారణాన్నీ తీసేసి చూడండి, అది లేకపోయినా యుద్ధం వచ్చేదా అని. 1870 సంగతే చూద్దాం. స్పెయిన్ సింహాసనానికి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజు బంధువు లియోపోల్డ్ పేరు వినిపించింది, ఫ్రాన్స్ గోల చేసింది, జూలై 12న ఆ పేరు వెనక్కి తీసుకున్నారు కూడా. అక్కడితో ఊరుకుంటే గెలుపు ఫ్రాన్స్‌దే. ఊరుకోలేదు. ఇకముందు కూడా అలా జరగనివ్వనని మాటివ్వమంటూ ఫ్రెంచ్ రాయబారి బెనెడెట్టి ఎమ్స్‌లో ప్రష్యా రాజును పట్టుబట్టాడు, రాజు కుదరదన్నాడు, ఆ కబురు మోసుకొచ్చిన టెలిగ్రామ్‌ను ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కత్తిరించి, అటూ ఇటూ అవమానం జరిగినట్టు అనిపించేలా పత్రికలకిచ్చాడు. జూలై 19న ఫ్రాన్సే యుద్ధం ప్రకటించింది. కథ బాగుంటుంది కాబట్టి అందరూ దీనికే అరపేజీ ఖర్చు పెడతారు. కానీ టెలిగ్రామ్ తీసేసినా, 1866లో ఆస్ట్రియాను ఓడించిన ప్రష్యా అలాగే ఉంది, దక్షిణ జర్మన్ రాజ్యాల మీద దాని కన్ను అలాగే ఉంది, పక్కనే అంత పెద్ద జర్మనీ లేవడం ఫ్రాన్స్‌కు గిట్టదు. ఇంకో సాకు దొరికేది. కాబట్టి టెలిగ్రామ్‌కు రెండు లైన్లు చాలు.

1756కి ఇదే పరీక్ష పెడితే వేరే జవాబొస్తుంది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ లాక్కున్న సైలీషియా ప్రాంతం ఆస్ట్రియాకు తిరిగి కావాలి, అదొక గొడవ. ఉత్తర అమెరికాలోని ఒహాయో లోయలో ఫ్రెంచివాళ్లూ ఇంగ్లిషువాళ్లూ 1754 నుంచే కొట్టుకుంటున్నారు, అదింకో గొడవ. ఒకటి తీసేసినా రెండోది ఆగదు. పాత శత్రువు ఆస్ట్రియాతో ఫ్రాన్స్, ప్రష్యాతో బ్రిటన్ జత కట్టాక రెండూ ముడిపడ్డాయి. మీ జవాబులో మొదటి తేడా ఇదే కావాలి: అక్కడ రెండు వేర్లు, ఇక్కడ ఒకటి.

ఫలితాల దగ్గరే అసలు తమాషా. 1763 పారిస్ సంధితో ఫ్రాన్స్‌కు కెనడా పోయింది. (మనవైపు 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడింది కూడా ఈ సంగ్రామంలో భాగమే; ఒక్క వాక్యం పడేయండి.) యూరప్‌లో మాత్రం సొంత నేల పోలేదు, మిగిలింది అప్పు. ఆ కసితోనే 1778లో బ్రిటన్ మీద జరుగుతున్న అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోకి దూకి ఇంకా అప్పు చేసింది, 1789లో ఎస్టేట్స్ జనరల్ అనే ప్రతినిధుల సభ‌ను పిలవాల్సొచ్చింది, విప్లవం అక్కడే మొదలైంది. 1871లో ఈ లెక్క తలకిందులైంది. గెలిచిన జర్మనీ 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం వేస్తే 1873 సెప్టెంబర్ కల్లా కట్టేశారు! ఆర్థికంగా కుప్పకూలిందని రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. మానని గాయం నేలది, జర్మనీ తీసుకున్న సరిహద్దు ప్రాంతాలు అల్సాస్, లొరేన్‌లో ఒక భాగం. అంటే మొదటిసారి పోయిన నేల దూరంగా ఉంది, డబ్బు కాటేసింది; రెండోసారి డబ్బు తీరిపోయింది, పోయిన నేల ఇంటి గుమ్మంలో ఉంది. ప్రభుత్వం సంగతి కూడా చూడండి: 1763 తర్వాత పదిహేనో లూయీ అలాగే కూర్చున్నాడు, 1870లో సెడాన్ దగ్గర ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ లొంగిపోయిన రెండు రోజులకే పారిస్‌లో రిపబ్లిక్ వచ్చేసింది.

ఒక జాగ్రత్త. "సప్తవర్ష సంగ్రామం వల్ల ఫ్రెంచి విప్లవం" అని ఒక్క బాణం గుర్తు గీసేయకండి, మధ్యలో 26 ఏళ్లున్నాయి, అమెరికా యుద్ధముంది, ఆ మెట్లన్నీ రాయాలి. "అల్సాస్ వల్ల 1914 మొదటి ప్రపంచ యుద్ధం" అన్నదీ అంతే. అల్సాస్ యుద్ధం మొదలుపెట్టలేదు, ఫ్రాన్స్, జర్మనీ రాజీ పడకుండా చేసింది.

చోటు మిగిలితే రోమ్ గురించి రాయండి. అక్కడ పోప్‌కు కాపలా ఉన్న ఫ్రెంచి దళాలు 1870లో ఈ యుద్ధం కోసం వెనక్కి వెళ్లాయి, సెప్టెంబర్ 20న ఇటలీ సేన లోపలికి వచ్చేసింది. ఇది రాసేవాళ్లు తక్కువ.