పేరు చెరిగిపోయిన ఎరువు పొట్లాలు: సున్నంతో, పాత గరిటెతో తేల్చుకోవచ్చు

మిద్దె తోట ఉన్న ప్రతి ఇంట్లో ఒక మూల ఇలాంటివి ఉంటాయి: స్కెచ్ పెన్‌తో రాసిన పేరు చెమ్మకి చెరిగిపోయి, దాదాపు అన్నీ తెల్లగా ఉప్పులాగే కనపడే పొట్లాలు. మా ఇంట్లో నాలుగు తేలాయి. పారేసే ముందు ఇలా చూడండి.

అర గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు వేసి కలపండి. గ్లాసు బయట చేత్తో పట్టుకుంటే చల్లబడినట్టు బాగా తెలిస్తే యూరియా అయ్యుండొచ్చు, కానీ పొటాష్ కూడా చల్లబరుస్తుంది కాబట్టి దీనొక్కదాన్నే నమ్మకండి. వంటకి వాడని పాత ఇనుప గరిటెలో చిటికెడు వేసి ఆరుబయట వేడి చేస్తే యూరియా కరిగి, ఘాటుగా పొగొచ్చి, చివరికి ఏమీ మిగలదు. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) అయితే ముందు తన నీళ్లలో తనే కరిగి తర్వాత తెల్లటి పెచ్చులా గట్టిపడుతుంది. పొటాష్ చిటపటలాడినా కరగదు. సురేకారం లాంటి నైట్రేట్ అని ఏ మాత్రం అనుమానం ఉన్నా నిప్పు దగ్గరికే తీసుకెళ్లొద్దు.

అన్నిటికన్నా నాకు నచ్చింది తాంబూలం సున్నం. పొడిని కొంచెం సున్నంతో, రెండు చుక్కల నీళ్లతో పుల్లతో నూరితే ముక్కు పుటాలదిరే అమ్మోనియా వాసన వచ్చిందా, అది డీఏపీనో (డై అమ్మోనియం ఫాస్ఫేట్) అమ్మోనియం సల్ఫేటో అయ్యుండొచ్చు. గింజలు బూడిద, గోధుమ రంగులో ఉంటే డీఏపీ, పంచదారలా ఉంటే సల్ఫేట్ అనుకోవచ్చు. యూరియాకి అప్పటికప్పుడు ఆ వాసన రాదు. మొహం దాని పైన పెట్టి పీల్చకండి, చేత్తో గాలి ఇటు తోసుకుంటే చాలు.