యాంటెనాలో సగం జీపే: థార్‌కు హ్యామ్ రేడియో బిగించే పద్ధతి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడినప్పుడు ముందు కరెంటు పోయింది, ఆ వెనకే ఫోను మూగబోయింది. నా దగ్గర అయిదు వాట్ల చేతి హ్యామ్ రేడియో ఒకటి ఉంది, అంటే ఫోను టవర్ల అవసరం లేకుండా ఔత్సాహికులు లైసెన్సుతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సెట్టు. వాన తెరిపి ఇచ్చాక డాబా ఎక్కి ఎంత పిలిచినా, సింహాచలం కొండకు అవతల ఉన్న మిత్రుడికి నా గొంతు అందలేదు. కింద వాకిట్లో జీపు నిండు బ్యాటరీతో నిలబడి ఉంది. దానికి 50 వాట్ల రేడియో, బయట ఒక మంచి యాంటెనా ఉండి ఉంటే చెట్లు తొలగించిన దారి వెంట వెళ్లి, కొండ అడ్డులేని చోటు చూసుకుని మాట్లాడేవాణ్ణి.

ఆ తర్వాత నా పాత థార్‌కు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే క్యాన్వాస్ కప్పు బండికి, యాంటెనా రెండుసార్లు బిగించాను. మొదటిది ఒక్క వానాకాలంతో పనికిరాకుండా పోయింది. రెండోది ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ రెండో పద్ధతినే ఇక్కడ చెబుతున్నాను.

పని మొదలుపెట్టే ముందు కాగితాలు చూసుకోండి. మన దేశంలో హ్యామ్ రేడియో వాడాలంటే పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ నుంచి లైసెన్సు పొందాలి. వాహనంలో వాడడానికి ఆ లైసెన్సు అనుమతిస్తుందో లేదో అందులోని షరతులు చదివి తేల్చుకోండి. నేను వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న రెండు మీటర్ల బ్యాండు. కింది కొలతలన్నీ దానివే.

ఇక అసలు సంగతి. బయటికి కనిపించే కడ్డీ యాంటెనాలో సగం మాత్రమే. మిగతా సగం దాని కింద ఉండే ఇనుప రేకు. చెరువు గట్టున నిలబడ్డ కొబ్బరిచెట్టును చూడండి. పైన చెట్టు, నీళ్లలో తలకిందులుగా దాని నీడ. పావు తరంగం పొడవున్న కడ్డీకి కింది రేకు ఆ నీళ్ల లాంటిది. కడ్డీకి జోడీని అదే చూపిస్తుంది. రేకు చాలకపోయినా, దానికీ కేబులు పైవలకూ (నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికకూ) మధ్య కలయిక సరిగా లేకపోయినా ఆ జోడీ చెదిరిపోతుంది. ఎంత ఖరీదైన రేడియో కొన్నా ఈ లోటు తీరదు.

అందుకే యాంటెనాకు చోటు ఎంచుకోవడం మీదే ఎక్కువ సమయం పెట్టండి. ఇనుప పైకప్పు ఉన్న బండి అయితే కప్పు నడిమధ్యకు మించిన చోటు లేదు. చుట్టూ రేకు సమానంగా ఉంటుంది, ఎత్తూ ఉంటుంది. కప్పుకు రంధ్రం చేసే ముందు లోపలి గుడ్డ దించి, కింద వైర్లు, అడ్డపట్టీలు, ఎయిర్‌బ్యాగులు ఏమీ లేవని కళ్లారా చూసుకోవాలి. నా బండికి పైన ఉన్నది క్యాన్వాస్. గుడ్డ మీద కడ్డీ నిలబెడితే నీళ్లు లేని చెరువు గట్టున చెట్టు నాటినట్టే. వెనక బంపరు చాలామందికి సులువుగా తోస్తుంది కానీ, నేను వద్దంటాను. కడ్డీ కిందికి దిగిపోతుంది, బండి ఒళ్లే ముందువైపు తరంగాన్ని అడ్డుకుంటుంది. నేను ముందు మడ్‌గార్డును ఎంచుకున్నాను, అదీ కుడివైపు. మన రోడ్ల మీద కొమ్మలు ఎడమ అంచు నుంచే ఎక్కువగా వంగి ఉంటాయి. పైగా కుడివైపు ఉంటే కడ్డీ వదులైందేమో స్టీరింగు దగ్గర కూర్చునే చూసుకోవచ్చు.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టాకే చేతిలోకి స్పానరు తీసుకోండి. బ్రాకెట్టు మూడు మిల్లీమీటర్ల మందమున్న స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకున్నాను. పలచటిదైతే గతుకుల్లో ఊగి ఊగి మూల దగ్గర పగులుతుంది. దాన్ని మడ్‌గార్డు లోపలి అంచున ఉన్న రెండు బోల్టులకే బిగించాను, కొత్త రంధ్రం చేయలేదు.

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే జరిగింది. బ్రాకెట్టును రంగు మీదే పెట్టి బిగించాను. బోల్టు మర ద్వారా కరెంటు ఎలాగో దారి చూసుకుంది కాబట్టి మొదటి రోజున మీటరు బాగానే చూపించింది. నాలుగు నెలలకు సముద్రపు గాలి తన పని చేసుకుపోయింది. విప్పి చూస్తే బోల్టు చుట్టూ తుప్పు వలయంలా కట్టి, గోటితో గీరితే ఎర్రటి పొడి రాలింది. రెండోసారి బ్రాకెట్టు ఆనేంత మేర పెన్సిలుతో గీత గీసుకుని, గరుకు కాగితంతో రంగు తీశాను. ముందు పై రంగు పోతుంది, దాని కింద బూడిదరంగు పూత వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. అది ఇంకా రంగే. ఇంకా రుద్దితే కొత్త రూపాయి బిళ్లలా తెల్లగా మెరిసే ఇనుము కనిపిస్తుంది. అక్కడ ఆపాలి. దాని మీద పలచగా గ్రీజు రాసి, బ్రాకెట్టుకూ రేకుకూ మధ్య పళ్ల వాషరు పెట్టి గట్టిగా బిగించాలి. పళ్లు గ్రీజును చీల్చుకుని ఇనుములో దిగుతాయి, చుట్టూ మిగిలిన గ్రీజు ఉప్పు నీటిని లోపలికి రానివ్వదు. బిగించాక బయటికి కనిపిస్తున్న ఇనుము అంచులకు రంగు వేయండి.

మడ్‌గార్డు బండి గూటికి బాగా కలిసి ఉందని అనుకోకండి, కొలవండి. మా మేనల్లుడు మల్టీమీటరును ఓములు కొలిచేలా పెట్టి, దాని ఒక కొనను బ్రాకెట్టుకు, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్ స్తంభానికి ఆనించి పట్టుకున్నాడు. విప్పిన తీగను ఈ కొలత కోసం బిగించాను. నేను మడ్‌గార్డును చేత్తో అటూ ఇటూ ఊపాను. "మామయ్యా, నువ్వు ఊపినప్పుడల్లా అంకె కదులుతోంది" అన్నాడు. అంకె సున్నాకు దగ్గరగా ఉంటే చాలదు, ఊపినా కదలకుండా ఉండాలి. మడ్‌గార్డు నుంచి ఛాసిస్‌కు ఒకటి, బానెట్ నుంచి గూటికి ఒకటి, అల్లిన రాగి పట్టీలు రెండు వేశాను. పొట్టిగా, వెడల్పుగా ఉన్నవే వేయాలి. ఆ తర్వాత అంకె కదల్లేదు. మళ్లీ నెగటివ్ తీగ విప్పి మిగతా పని సాగించాను.

కేబులు 50 ఓములదే ఉండాలి. టీవీకి వాడే 75 ఓముల కేబులు వద్దు. సన్నటి ఆర్‌జీ-58 అయిదు మీటర్లు వాడితే ఈ బ్యాండులో 50 వాట్లలో సుమారు 40 వాట్లే కడ్డీకి చేరతాయి, కాబట్టి అవసరమైనంత పొడవే ఉంచండి. మిగిలినదాన్ని సీటు కింద చుట్టగా చుట్టి పెట్టకండి. ఇంజను వేడి గొట్టాలకు దూరంగా నడిపించండి, ఎక్కడా పిడికిలి కన్నా చిన్న మలుపు తిప్పకండి. క్యాబిన్‌లోకి వెళ్లే రంధ్రానికి రబ్బరు కన్ను తప్పనిసరి. లేకపోతే రేకు అంచు కేబులును కోసేస్తుంది. రంధ్రంలోకి దూరే ముందు కేబులు ఒక జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతుంది. కనెక్టరు టంకం చల్లారాక నడిమి తీగకూ పైవలకూ మధ్య కలయిక లేదని మీటరుతో చూసి, రబ్బరు టేపు సాగదీసి చుట్టండి.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే తీసుకోండి. సిగరెట్ లైటరు సాకెట్టు దీనికి చాలదు. 50 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పది ఆంపియర్లకు అటూ ఇటూగా లాగుతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి, 15 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. ఫ్యూజు రేడియో దగ్గర పెడితే దారిలో తీగ ఒరుసుకుని రేకుకు తగిలినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు. బండ్లు కాలిపోయేది అలాగే.

చివరగా కడ్డీని శ్రుతి చేయడం. 300ను 145తో భాగిస్తే తరంగం పొడవు 2.07 మీటర్లు, అందులో పావు వంతు దాదాపు 52 సెంటీమీటర్లు. నిజానికి కడ్డీ అంతకన్నా కొంచెం పొట్టిగా, 49 దగ్గర కుదురుతుంది. అయినా 52తోనే మొదలుపెట్టండి. కోసినదాన్ని అతికించలేం. బండిని రేకుల షెడ్డు కింద నుంచి బయటికి తెచ్చి, బానెట్ మూసి, ఎవరూ కడ్డీని ముట్టుకోకుండా చూసి, ఖాళీ ఫ్రీక్వెన్సీలో మీ కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చిన మీ పిలుపు గుర్తు) చెప్పి, తక్కువ వాట్లతో ఎస్‌డబ్ల్యుఆర్ కొలవండి. కడ్డీ తీసుకోకుండా ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పే అంకె అది, ఒకటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. 144.2 దగ్గర ఒకసారి, 145 దగ్గర ఒకసారి, 145.8 దగ్గర ఒకసారి. 144.2 దగ్గర అంకె తక్కువగా, 145.8 దగ్గర ఎక్కువగా ఉంటే కడ్డీ పొడవైందని అర్థం. ఒక్క మిల్లీమీటరు తగ్గిస్తే శ్రుతి సుమారు 0.3 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది, కాబట్టి చివర్లో మిల్లీమీటరు చొప్పునే తీయండి. కళ్లద్దాలు పెట్టుకుని కోయండి, కొనను గుండ్రంగా అరగదీసి టోపీ తొడగండి. అది మనిషి కంటి ఎత్తుకు దగ్గర్లో ఉంటుంది. అంకె 1.5 కన్నా కిందికి వస్తే ఆపేయండి. ఆ స్థితిలో వెనక్కి వచ్చే శక్తి నాలుగు శాతమే. ఎంత కోసినా అంకె దిగకపోతే కడ్డీని వదిలేసి బ్రాకెట్టు కింది ఇనుము దగ్గరకు వెళ్లండి.

పొడవాటి యాంటెనా కొనాలా అని అడుగుతుంటారు. భీమిలి వైపు సముద్రపు ఒడ్డు వెంట తిరిగేవారికి తరంగం పొడవులో ఎనిమిదింట అయిదు వంతులు, అంటే మీటరు పైన పొడవుండే కడ్డీ బాగుంటుంది. అది శక్తిని నేలబారుగా దూరానికి నెడుతుంది. అనంతగిరి ఘాట్ రోడ్డులో మాత్రం అవతలి మనిషి మీకన్నా ఎంతో ఎత్తునో పల్లంలోనో ఉంటాడు. అక్కడ పైకీ కిందికీ కూడా పంచే పొట్టి కడ్డీయే నాకు బాగా పనిచేసింది. కాఫీ తోటల కొమ్మలకూ అది తగలదు.

మా తీరానికి తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అందుకని ఏటా సెప్టెంబరులో ఆ బ్రాకెట్టు విప్పుతాను. కిందటిసారి రెండు బోల్టుల్లో ఒకదాని కింద ఇనుము అలాగే మెరుస్తోంది, రెండోదాని అంచున గోధుమరంగు మచ్చ పెసరగింజంత పట్టింది. గరుకు కాగితంతో దాన్ని తీసేసి, కొత్త గ్రీజు రాసి, పళ్ల వాషరు మార్చి బిగించాను. మేనల్లుడు మీటరు పట్టుకున్నాడు, నేను మడ్‌గార్డు ఊపాను.