సైన్స్ ఫెయిర్‌కి పనిచేసే ల్యాండింగ్ అద్దం: ఓడ మీద జెట్ ఎలా దిగుతుందో చేసి చూపించండి

విజయవాడలో సైన్స్ ఫెయిర్ అంటే ఎవరో ఒకరు థర్మాకోల్ విక్రాంత్‌తో వస్తారు. బూడిద రంగు, జెండా, పైన రెండు బొమ్మ విమానాలు. చూడ్డానికి బాగుంటుంది కానీ చూసినవాళ్లకు కొత్తగా ఏమీ తెలియదు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లల చేత చేయించేది ఓడ బొమ్మ కాదు, ఓడ మీద దిగే పైలట్‌కి దారి చూపించే అద్దం.

ముందు అసలు చిక్కేమిటో పిల్లలకు అర్థం కావాలి. 1945 డిసెంబర్ 3న ఎరిక్ బ్రౌన్ అనే బ్రిటిష్ పైలట్ సీ వాంపైర్ జెట్‌ను హెచ్.ఎం.ఎస్. ఓషన్ మీద దించాడు. జెట్ దిగగలదని తేలింది కానీ రోజూ దించడం వేరే సంగతి. ప్రొపెల్లర్ విమానానికి థ్రాటిల్ తోస్తే వెంటనే బలం వస్తుంది. తొలి జెట్ ఇంజిన్లు పుంజుకోవడానికి టైం తీసుకునేవి. పైగా జెట్ వచ్చే వేగం ఎక్కువ, అది దిగే ఓడ పైభాగం, అంటే డెక్, చూస్తే చిన్నది. మన మొదటి విక్రాంత్ మొత్తం పొడవే 213 మీటర్లు, అంటే మన ప్రకాశం బ్యారేజీలో సుమారు ఆరో వంతు. డెక్ మీద నిలబడి చేతుల్లో బ్యాట్లతో సైగ చేసే ఆఫీసర్‌ని చూసి సర్దుకునేంత వ్యవధి జెట్ పైలట్‌కి మిగల్లేదు.

దీనికి నికొలస్ గుడ్‌హార్ట్ అనే నేవీ ఆఫీసర్ అద్దం ఉపాయం కనిపెట్టాడు. బల్ల మీద చిన్న మేకప్ అద్దం పెట్టి, దాని మీద లిప్‌స్టిక్‌తో అడ్డగీత గీసి, అద్దంలో కనిపించే టార్చి వెలుగు గీత మీదే ఉండేలా చూసుకుంటూ నడిచి రమ్మని ఆఫీసులో సెక్రటరీని అడిగాడట. ఆమె నడుస్తూ నడుస్తూ చివరికి గడ్డం బల్లకి ఆనించిందని చెబుతారు. మనం చేసేదీ అదే.

అద్దాల షాపులో అడిగితే మిగిలిన ముక్కల్లోంచి 15 సెంటీమీటర్ల చదరం కోసిస్తారు. అంచులు తప్పకుండా అరగదీయించండి, పిల్లల చేతులు కోసుకుంటాయి. అద్దాన్ని బల్ల మీద నిట్టనిలువుగా నిలబెట్టండి. కాస్త వంగినా లెక్క మొత్తం మారిపోతుంది. అద్దం సగం ఎత్తులో రెండు పక్కలా ఆకుపచ్చ ఎల్‌ఈడీలు వరసగా అతికించండి. అద్దానికి ఎదురుగా 60 సెంటీమీటర్ల దూరంలో, ఆకుపచ్చ వరస కంటే 3 సెంటీమీటర్లు కిందుగా పెన్ టార్చి పెట్టి, వెలుగు అద్దంలోకి పడేలా తిప్పండి. టార్చి చిన్నదిగా ఉండాలి, పెద్దదైతే చూపుకి అడ్డొస్తుంది.

60కి 3 అంటే ఇరవైకి ఒకటి, దాదాపు 3 డిగ్రీల వాలు. మన విమానం దిగే దారి ఇదే. అద్దానికి 3 మీటర్ల దూరంలో కన్ను ఆకుపచ్చ వరస కంటే 15 సెంటీమీటర్లు పైన ఉంటే టార్చి ప్రతిబింబం సరిగ్గా వరసలో కనిపిస్తుంది. తల 5 సెంటీమీటర్లు ఎత్తితే వెలుగు చుక్క దాదాపు 8 మిల్లీమీటర్లు పైకి జరుగుతుంది, దించితే కిందికి. పిల్లల ఎత్తుని బట్టి అద్దం కింద పుస్తకాలు పెట్టి సర్దండి. నేల మీద 3 మీటర్ల దగ్గర, 1 మీటర్ దగ్గర చాక్‌పీస్‌తో గీతలు గీయండి. చుక్కని వరసలోనే ఉంచుతూ మొదటి గీత నుంచి రెండో గీతకు నడవాలి. మోకాళ్లు వంచుతూ 10 సెంటీమీటర్లు కిందికి దిగితేనే కుదురుతుంది. అప్పట్లో ఓడ మీద అసలు అద్దం పుటాకార దర్పణం. ఓడ ఊగినా దారి చెదరకుండా జైరోస్కోప్ అనే తిరిగే చక్రం సర్దేది.

ఇప్పుడు అసలైన ఆట. మొదటిసారి ప్రొపెల్లర్ విమానంలా నడవమనండి, చుక్క కిందికి జారగానే తల ఎత్తొచ్చు. రెండోసారి జెట్. "పవర్" అని చెప్పాలి, పక్కనున్నవాళ్లు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాకే తల ఎత్తాలి. ఈలోపు నడక ఆగకూడదు. ఒక్కసారి జారితే తిరిగి వరసలోకి రావడం ఎంత కష్టమో ఎవరికైనా అప్పుడే తెలుస్తుంది. ముందు నుంచే చూసుకుంటూ రావాలని మా పిల్లలు ఈ ఆటలోనే పట్టేశారు.

డెక్ కూడా కావాలంటే అట్ట మీద వేరే కాగితంతో రన్‌వే పట్టీ కత్తిరించి, గుండుసూదితో ఒకచోట గుచ్చండి. పట్టీ తిన్నగా ఉన్నప్పుడు ముందు నిలిపిన విమానాలు దారికి అడ్డం. దిగే విమానాన్ని ఆపడానికి డెక్‌కి అడ్డంగా తీగ ఉంటుంది, విమానం వెనకున్న హుక్ దానికి తగులుకోవాలి. తీగ అందకపోతే వలలాంటి బారియర్‌లోకి దూసుకెళ్లడమే. పట్టీని కొన్ని డిగ్రీలు ఎడమకి తిప్పండి, ఎదురుగా సముద్రం తప్ప ఏమీ ఉండదు. 1951లో డెన్నిస్ క్యాంబెల్ అనే బ్రిటిష్ నేవీ ఆఫీసర్ చెప్పింది ఇదే. పైలట్ డెక్ తాకగానే థ్రాటిల్ పూర్తిగా తోస్తాడు. హుక్‌కి తీగ అందకపోతే ఎగిరిపోయి మళ్లీ వస్తాడు.

బొమ్మ డెక్ మీద తీగకి రబ్బరు వాడకండి, విమానాన్ని వెనక్కి లాగేస్తుంది. దారానికి రెండు కొసలా చిన్న ఇసుక సంచులు కట్టండి. 1911లో యూజీన్ ఈలీ ఓడ మీద దిగినప్పుడు ఆపినవి ఇసుక సంచులు కట్టిన తాళ్లే. విమానాన్ని ఆవిరి బలంతో డెక్ మీంచి విసిరే ఆవిరి క్యాటపుల్ట్ జోలికి మాత్రం పోవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆవిరి పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదు, చార్టు మీద బొమ్మ గీస్తే చాలు.

చార్టులో మన మొదటి విక్రాంత్ సంగతి తప్పక రాయించండి. 1961 మార్చి 4న బెల్ఫాస్ట్‌లో నౌకాదళంలో చేరింది. ఎడమకి తిప్పిన డెక్, ల్యాండింగ్ అద్దం, ఆవిరి క్యాటపుల్ట్ మూడూ ఉండేవి. ఆ మే 18న మన నేవీ పైలట్ తహిలియానీ దాని మీద మొదటి సీ హాక్ జెట్ దించారు. 1971 యుద్ధంలో డిసెంబర్ 4న దాని మీంచి సీ హాక్‌లు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడికి లేచాయి. జడ్జీలు వచ్చినప్పుడు మాత్రం చార్టు చదివి వినిపించొద్దని పిల్లలకు చెప్పండి. వాళ్లనే మొదటి గీత మీద నిలబెట్టి, "చుక్క చూసుకుంటూ రండి సార్" అనమనండి.