ముందు అతుకు, తరువాతే ట్రాక్

మా మేనల్లుడు ఉండేది మెహిదీపట్నంలో. ప్రతి ఆదివారం తెల్లారకముందే లేచి, సైకిల్ ముందు చక్రం ఊడదీసి, కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని నార్సింగి వెళ్తాడు. అక్కడ చక్రం బిగించుకుని అవుటర్ రింగు రోడ్డు పక్క ట్రాక్ మీద తొక్కుతాడు. మళ్లీ చక్రం ఊడదీసి ఇంటికొస్తాడు. 2023 అక్టోబర్‌లో తెరిచిన ట్రాక్ అది. 23 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ కప్పు. బాగుంది, కాదనను. నేనూ ఒకసారి తొక్కాను, ఎండ తగల్లేదు. కానీ సైకిల్ తొక్కడానికి కారు కావాల్సి వస్తోందంటే ఎక్కడో అతుకు ఊడింది.

మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలో 31 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీ సంఘాలవాళ్లు వస్తుంటారు, "సార్, మా చెరువు కట్ట నుంచి మెట్రో దాకా నడక దారి ఒకటి గీసిపెట్టండి" అని. గీసివ్వడం పెద్ద పని కాదు. కానీ మీ వీధి మీకు తెలిసినంత నాకు తెలియదు. అందుకే పద్ధతి చెబుతాను, మీరే గీసుకోండి.

ట్రాక్ ఎక్కడ వేద్దాం అని మొదలుపెట్టకండి. మీ ప్రాంతం మ్యాపు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించండి. మూడు స్కెచ్ పెన్నులు చాలు. ఇప్పటికే నిక్షేపంగా నడవగలిగిన చోట్లన్నీ ఆకుపచ్చ: పార్కు, చెరువు కట్ట, బండ్లు పెద్దగా తిరగని లోపలి వీధులు. మనుషులు రోజూ వెళ్లే చోట్లు పసుపు: బడి, రైతుబజార్, బస్టాప్, మెట్రో స్టేషను, గుడి, మసీదు. ఆకుపచ్చకీ పసుపుకీ మధ్య దారి ఎక్కడ తెగిందో అక్కడ ఎరుపు. నేను చూసినంతలో ఎర్ర ముక్కలు పొట్టిగానే ఉంటాయి. 60 మీటర్లు, 150 మీటర్లు, ఒక్కోసారి ఒక్క రోడ్డు దాటడమే. మీ ప్లాను అంటే ఆ ఎర్ర ముక్కలే. మిగతాది ఎలాగూ ఉంది.

హైదరాబాద్ వాళ్లకు తెలిసిన ఉదాహరణ హుస్సేన్ సాగర్. చెరువు చుట్టూ నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్కు, ఎన్టీఆర్ గార్డెన్, లుంబినీ పార్కు, ట్యాంక్‌బండ్. ఆకుపచ్చకు కొదవ లేదు. ఇటు పంజాగుట్ట, లక్డీకాపూల్ రోడ్డు మీద ఖైరతాబాద్ మెట్రో. మ్యాపు మీద స్కేలు పెడితే రెండింటికీ మధ్య కిలోమీటరుకు అటూఇటూ. కానీ మధ్యలో రైలు పట్టాలున్నాయి. వాటిని దాటించే ఫ్లైఓవర్ బండ్లను దృష్టిలో పెట్టుకుని కట్టింది. మెట్రో దిగినవాడు చెరువు దాకా నడవాలంటే ఆలోచించుకుని, చివరికి ఆటో ఎక్కుతాడు. చెరువు చుట్టూ ఇంకో కోటి ఖర్చు పెట్టి గ్రానైటు పరిచినా వాడి ఆటో ఖర్చు తప్పదు. పెట్టే డబ్బేదో ఆ అతుకులో పెట్టాలి.

ఎర్ర ముక్కలు దొరికాక టేపు పట్టుకుని వెళ్లండి. 30 మీటర్ల ఫైబర్ టేపు, ఇద్దరు మనుషులు. ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు రాసుకుంటే లాభం లేదు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు మొదలు, పానీపూరీ బండి అన్నీ పోను మనిషి నడవడానికి ఎంత మిగిలిందో అది రాయండి. రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డం లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురైతే తప్పుకోగలిగే వెడల్పు అది. ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన దగ్గర అడుగు ఎత్తున కడతారు, బైకులు ఎక్కకుండా అని. బైకు ఎలాగూ ఎక్కుతుంది, ఎక్కలేనిది ముసలివాళ్లే. ప్రతి ఇంటి గేటు ముందూ ఫుట్‌పాత్‌ను కోసి ర్యాంపు వేసుకోవడం ఇంకో తలనొప్పి. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. నాలుగు గేట్లు దాటాక ఎవరైనా రోడ్డు మీదే నడుస్తారు. ఫుట్‌పాత్ ఒకే మట్టాన సాగాలి, కారే ఎక్కి దిగాలి. డ్రాయింగులో ఇది ప్రతి గేటు దగ్గరా రాయండి. ఒకసారి రాసి 'మిగతావీ ఇలాగే' అంటే ఎవరూ చదవరు.

కొలత ఎందుకంటే, నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఊరి పేరు వద్దు. పదేళ్ల కిందటి సర్వే షీటు మీద రెండు మీటర్ల సైకిల్ దారి గీశాను. మధ్యలో కొత్తగా ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె వచ్చిందని నాకు తెలియదు, నేను వెళ్లి చూడలేదు. కాంట్రాక్టరు అటు దిమ్మె దాకా వేశాడు, ఇటు దిమ్మె నుంచి వేశాడు. బిల్లు పాసైంది. రిటైరయ్యేదాకా ఆఫీసులో "సార్, మీ ట్రాన్స్‌ఫార్మర్ క్షేమమేనా" అని అడుగుతూనే ఉన్నారు.

అసలు పని రోడ్డు దాటే చోట ఉంటుంది. సిగ్నల్ లెక్కల్లో మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు వేసుకుంటారు. అంటే 18 మీటర్ల రోడ్డుకు 15 సెకన్లు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పి. ఆవిడను దాటించి వాచీ చూశాను, 26 సెకన్లు పట్టింది. సగంలో ఉండగానే అటువైపు హారన్లు మొదలయ్యాయి. "నన్ను కొలతకర్రలా వాడుకుంటున్నారు" అని రెండు రోజులు మాట్లాడలేదనుకోండి, అది వేరే సంగతి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే ఇలాగే కొలవండి. సమయం చాలకపోతే డివైడర్ దగ్గర ఆగి నిలబడేందుకు చోటు అడగండి. కనీసం రెండు మీటర్ల లోతు ఉండాలి, లేకపోతే పసిపిల్లల బండి సగం రోడ్డు మీదే ఉంటుంది. సిగ్నల్ లేని చిన్న రోడ్డయితే దాటే చోటును ఫుట్‌పాత్ మట్టానికి పెంచి వేయించండి. మనిషి దిగక్కర్లేదు, బండే నెమ్మదిస్తుంది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మాత్రం ఆఖరి మాట. మెట్లెక్కలేని మనిషికి అది రోడ్డు మూసినట్టే.

సైకిల్ విషయానికొస్తే, అన్నిచోట్లా ట్రాక్ అక్కర్లేదు. లోపలి వీధుల్లో బండ్ల వేగం తగ్గిస్తే చాలు, వీధే ట్రాక్. పెద్ద రోడ్డు మీదే విడిగా కావాలి. ఒకవైపు పోవడానికి రెండు మీటర్లు, రానూపోనూ అయితే మూడు. ఉత్త రంగు గీత గీసి వదిలేస్తే మూడో రోజుకు కార్ల పార్కింగ్ అవుతుంది. మధ్యలో కర్బు రాయి పడాల్సిందే. ఇంకో చిన్న సంగతి, ఎవరూ పట్టించుకోనిది: వాననీటి జాలీలు. జాలీ కమ్మీలు సైకిల్ పోయే దిశలోనే ఉంటే సన్న టైరు దిగబడిపోతుంది. కమ్మీలు అడ్డంగా ఉండాలి. ఇది ఒక్క వాక్యం, డ్రాయింగు మూలన రాయండి.

చెరువు పక్కనో నాలా పక్కనో దారి అనుకుంటే వానాకాలం దాకా ఆగి చూడండి. జులైలో రాత్రంతా కురిసిన మర్నాడు పొద్దున వెళితే మీ దారి ఎక్కడ మునుగుతుందో చెరువే చూపిస్తుంది. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మట్టం) గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. నడక దారికి సహజమైన చోటు అదే. అయితే ఆ జాగాలో గుడిసెలుంటే మ్యాపులో దాన్ని ఖాళీ అని రంగు వేయకండి. ముందు వాళ్లతో మాట్లాడండి. అక్కడ రోజూ నడిచేదీ, సైకిల్ మీద పనికి పోయేదీ వాళ్లే.

ఎర్ర ముక్క ఒక్కోటి ఎవరి జాగాలో ఉందో పక్కన రాయండి. మున్సిపాలిటీ, నీటిపారుదల, రైల్వే, కరెంటు శాఖ. రైల్వే జాగా ఉన్న ముక్కకు అనుమతి అన్నిటికన్నా ఆలస్యం. దాన్ని పట్టుకు కూర్చోకుండా చుట్టుదారి ఒకటి ఈలోపు వాడుకలోకి తెండి. ఊరి పండుగలూ గుర్తుంచుకోండి. నెక్లెస్ రోడ్డు మీద ఏం కట్టినా వినాయక నిమజ్జనం రోజున అక్కడికి క్రేన్లు రావాలి. కదలని ఇనుప స్తంభాలు పాతితే ఆ రోజు గ్యాస్ కట్టర్‌తో కోసేస్తారు, తిరిగి ఎవరూ పెట్టరు. తాళం తీసి పీకే రకం పెట్టించండి. స్తంభాల మధ్య చక్రాల కుర్చీ పట్టేంత సందు ఉంటే బైకు కూడా పడుతుంది. దీనికి ఇంజనీరింగ్ మందు నాకు దొరకలేదు. జనం ఎక్కువ తిరిగే చోట బైకువాడికి సిగ్గేస్తుంది, అంతే.

రాత్రి ఎనిమిదికి ఒకసారి, ఇంట్లో ఆడవాళ్లతో కలిసి మొత్తం నడవండి. వీధి దీపాలు వేప కొమ్మల పైన వెలుగుతుంటాయి, కింద చీకటి. కొమ్మలు కొట్టించే బదులు దీపం కిందికి దింపమని అడగండి.

కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లేముందు రెండు ఆదివారాలు ట్రాఫిక్ పోలీసుల అనుమతితో ముగ్గు, ప్లాస్టిక్ కోన్లు పెట్టి చేసి చూపించండి. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపేసినప్పుడు జనం పిల్లాపాపలతో ఎలా వచ్చారో చూశాం కదా. ఆ ఫొటోలు, లెక్కపెట్టిన తలలు, ఎర్ర ముక్కల పట్టిక, ఒక్కోదాని పక్కన అంచనా ఖర్చు, అన్నీ ఒక్క షీటు మీద రావాలి. తక్కువ ఖర్చుది పైన రాయండి. అధికారికి ఈ ఏడాది బడ్జెట్‌లో అయిపోయేది ఒకటి కనిపించాలి. ఊడ్చేది ఎవరో కూడా రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్న ప్లానులు నేను చాలా గీశాను.

మేనల్లుడితో మొన్న కూర్చున్నాను. "మామయ్యా, ఇంటి దగ్గర్నుంచే తొక్కుకుంటూ వెళ్లే రోజు వస్తుందంటావా?" అన్నాడు. పెన్నులు వాడి చేతికిచ్చాను. మెహిదీపట్నం నుంచి టోలిచౌకి దాకా అయింది. ఇప్పటికి ఎర్ర ముక్కలు తొమ్మిది.