గుంపులో కుక్క ‘అడ్డం’ నిలబడకపోతే

రోడ్డు ప్రమాదమైనప్పటి నుంచి మా తమ్ముడికి గుంపులో వెనక నుంచి ఎవరైనా తగిలితే చాలు, ఒళ్లంతా చెమటలు, ఊపిరాడదు. వాడి కోసం మా లాబ్రడార్ మల్లికి రెండు మాటలు నేర్పాం. ‘అడ్డం’ అంటే వాడి ముందు గడపలా అడ్డంగా నిలబడాలి. ‘ఎనక’ అంటే అదే పని వీపు వైపు. జనాన్ని తోయడం, మొరగడం దాని పని కాదు. అది జాగా పట్టుకుని నిలబడుతుంది, జనమే చుట్టూ తిరిగి పోతారు. నల్లగొండలో ఏడాది తిప్పలు పడ్డాక మాకు తెలిసినవి ఇవి.

అడ్డం రమ్మంటే మన వైపు తిరిగి మొహంలోకి చూస్తుంది

తప్పు కుక్కది కాదు, మన చేతిది. ముక్క ఎక్కడ అందితే తల అక్కడికే వస్తుంది. మేము చికెన్ ముక్క బొడ్డు దగ్గర నుంచి ఇచ్చేవాళ్లం, అది అటే తిరిగేది. ఇప్పుడు దాని తల ఉండాల్సిన చోట, అంటే మన కుడి మోకాలికి జానెడు అవతల అందిస్తున్నాం. ఒళ్లు దానంతటదే అడ్డం పడుతోంది.

ఇంకా వంకర పోతుంటే గోడకు రెండడుగుల దూరంలో, గోడ వైపు తిరిగి నిలబడి ఆ సందులోకి పిలవండి. తిరుగుదామన్నా చోటుండదు. మా ఇంట్లో ఇంకొకటి పనిచేసింది: చెప్పుల ముందు గోనెసంచి పరిచి, నాలుగు కాళ్లూ దాని మీదుంటేనే ముక్క. కుదురుకున్నాక సంచిని సగానికి మడిచాం, తర్వాత పావుకు, చివరికి తీసేశాం.

చెప్పకముందే కదిలిపోతుంది

మూడు సెకన్లు నిలబడే కుక్కను ముప్పై సెకన్లు నిలబెట్టబోతే ఇంతే. అది కదలకముందే ముక్క ఇచ్చి, సమయం కొద్దికొద్దిగా పెంచండి. విడిచిపెట్టే మాట కూడా చూసుకోండి. మాది మొదట ‘సాలు’. టిఫిన్ సెంటర్లో పక్కాయన చట్నీ వేసే పిల్లాడితో “సాలు, సాలు” అన్నాడు, మల్లి లేచి వెళ్లిపోయింది! ఊళ్లో ఎవరూ అనని మాట పెట్టుకోవడం మేలు.

ఇంట్లో చేస్తుంది, బస్టాండులో చేయదు

వాకిట్లో నేర్చింది వాకిటికే అనుకుంటుంది కుక్క. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. మేము పొద్దున ఆరింటికి, జనం పలచగా ఉన్నప్పుడు, ప్లాట్‌ఫారాలకు దూరంగా ఒక మూల మొదలుపెట్టాం. ముక్క తినడం మానేసిందంటే బెదిరినట్టే, ఇంకా దూరం జరగండి. క్లాక్‌టవర్ సెంటర్‌లో సాయంత్రం నిలబడటానికి నెలలు పట్టింది. అమావాస్య నాడు జనం పోటెత్తే చెరువుగట్టు గుడికి మాత్రం నేను ఎంత నేర్చిన కుక్కనూ తీసుకెళ్లను. ఆ ఒత్తిడిలో కుక్క పట్టుకునేంత జాగా ఎక్కడిది?

దగ్గరికొచ్చిన వాళ్ల మీద గుర్రుమంటుంది

వెంటనే పక్కకు తీసుకెళ్లండి. కొట్టకండి, అరవకండి. గుర్రు అనేది హెచ్చరిక. దాన్ని నొక్కేస్తే హెచ్చరిక లేకుండా కరవడం నేర్చుకుంటుంది. భయం కావచ్చు, చెవిలోనో తుంటిలోనో నొప్పి కావచ్చు, కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించండి. ఒళ్లు బాగుండి, దూరం పెంచినా గుర్రుమంటూనే ఉంటే ఈ పని దానికి పడదు. ఒప్పుకోవడం కష్టమే, మరో దారి లేదు.

జనం ఊరుకోరు

“కరుస్తదా?” అని కొందరు, అడక్కుండానే తల నిమిరేవాళ్లు కొందరు. వీపు మీద ‘పనిలో ఉంది, తాకవద్దు’ అని పెద్ద తెలుగు అక్షరాలతో గుడ్డ కట్టాం. చదవకుండా చేయి చాపితే “పని మీదున్నదన్నా, జర ఆగు” అంటాం. తోక తొక్కుతున్నారంటే కుక్క దూరంగా నిలబడుతోందని అర్థం. దాని పక్క మన కాళ్లకు దాదాపు ఆనాలి.

ఎండాకాలం పగటిపూట నిలబడటం లేదు

కాళ్లు మార్చి మార్చి ఎత్తుతుంటే మొండితనం అనుకోకండి. మీ అరచేతి వెనక వైపు సిమెంటుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే ఆ నేల మీద దాన్ని నిలబెట్టకండి.